వారం వారం వానలో సుగాత్రి

మా అత్తగారు వాకిట్లో చీమలబారు కనిపిస్తే దాన్ని తప్పించి ముగ్గేస్తారు. అంతటి దయామయి తను రాసే సీరియల్ నాయికను మాత్రం ప్రతివారం ఏడుస్తుండగా వదిలేసి కునుకు తీస్తారు. పాఠకులు మళ్ళీ రావాలంటే అదే మార్గమట.

పూర్వం నాయికలు నోరెత్తేవారు కాదు. ఇప్పుడు నవల పూర్తయ్యేదాకా పాత్రలు రాసినవాళ్ళ ఇంట్లోనే, గోడమీది తెరలో ఉంటాయి. పలకరిస్తే పలుకుతాయి. ఈ వారం మా అత్తగారి నాయిక సుగాత్రిని మొగుడు బస్టాండులో వదిలేసి పోయాడు. పైగా వాన.

"తగ్గదా అక్కా?" అంది.

"గురువారం తరవాతి భాగం వచ్చేదాకా తగ్గదమ్మా. చిక్కుడుకాయలు ఒలుస్తున్నాను, ఏవైనా కబుర్లు చెప్పు."

"నాకు కబుర్లెక్కడివి? ఆవిడ ఏడుపులే రాశారు. నాకే కూర ఇష్టమో కూడా రాయలేదు."

పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆ సంగతి నన్నూ ఎవరూ అడగలేదు.

"దానికి కూరలెందుకే? ఏడిస్తేనే చదువుతారు," అన్నారు అత్తగారు, నిద్రలేచి వచ్చి.

"చదివేది ఒక్కరోజే కదమ్మా," అంది సుగాత్రి మెల్లగా. "అందరూ చదివేసి వెళ్ళిపోయాక కూడా నేను ఏడుస్తూనే ఉంటాను. మీకు తెలుసా?"

అత్తగారు నా వైపు చూశారు. నేను తల దించుకుని చిక్కుడుకాయలు ఒలుచుకున్నాను. ఆవిడ పీట లాక్కుని తెర ముందు కూర్చున్నారు.

"తెలీదే తల్లీ," అన్నారు. "చదివేవాళ్ళ గురించే ఆలోచించాను. తప్పు నాదే."