వెనకాల నడిచే మనిషి

"మళ్ళీ వచ్చాడక్కా," అంది వార్తలు చదివే అమ్మాయి, మేకప్ గదిలోకి వస్తూనే.

మేకప్ అక్క కిటికీ తెర కాస్త తప్పించి చూసింది. రోడ్డుకి అవతల, సైకిల్ రిపేరు షాపు పక్కన, ఒక పెద్దాయన నిలబడి ఉన్నాడు. మెడ దాకా గుండీలు పెట్టిన చొక్కా. చేతులు రెండూ వెనక్కి కట్టుకున్నాడు. చూపు మాత్రం టీవీ స్టేషన్ మెట్ల మీదే.

"రోజూ ఇంటి దాకా వస్తున్నాడు. నేను ఆగితే ఆగుతాడు. నడిస్తే నడుస్తాడు. లోపలికెళ్ళి లైటు వేసేదాకా ఎదురు గోడ దగ్గర నిలబడతాడు."

"పలకరించాడా?"

"ఒక్క మాట లేదు. తిట్టినా బాగుండేది. అలా ఊరికే చూస్తుంటే ప్రాణం పోతోందక్కా."

ఆ పిల్ల భయంలో తప్పేమీ లేదు. కంకర క్వారీ పేలుడులో కూలీలు చనిపోతే గుట్టుచప్పుడు కాకుండా పూడ్చేశారని ఆమె వార్త చదివిన దగ్గర్నుంచీ స్టేషన్‌కి ఫోన్లు వస్తున్నాయి. తిట్లు ఉండవు, కేకలు ఉండవు. "ఆ అమ్మాయి గొంతు బావుంటుందండీ. ఎన్నాళ్ళుంటుందో!" అని పెట్టేస్తారు, అంతే.

సిబ్బందిని ఇళ్ళ దగ్గర దింపడానికి స్టేషన్‌కి జీపు ఉంది, పేరుకి. సాయంత్రమయ్యేసరికి అది యజమానిగారి ఇంట్లో ఉంటుంది.

"అక్కా, మన వార్తా విభాగాన్ని ఇదివరకోసారి మూసేశారట కదా. ఎందుకని?"

"ఏమోనమ్మా. నేనూ మళ్ళీ తెరిచాకే వచ్చాను. పాతవాళ్ళు ఒక్కరూ లేరు. ఎడిటర్ గారిని అడుగు."

అడిగింది.

"చరిత్ర మనకెందుకమ్మా? ఇవాళ్టి వార్త చూసుకో, చాలు," అన్నాడు ఎడిటర్.

ఊరందరి కూపీలూ లాగే మనిషికి తను కూర్చున్న కుర్చీ సంగతి పట్టలేదు. దీపం కింద చీకటంటే ఇదే.

పెద్దాయన సంగతి చెప్పగానే మాత్రం దిగ్గున లేచాడు. కెమెరామన్‌ని వెంటేసుకుని రోడ్డు దాటాడు.

"ఎవరయ్యా నువ్వు? ఏం పని ఇక్కడ?"

"పనేం లేదు బాబూ. చూసి వెళ్ళిపోతాను."

"చూడ్డానికిదేమన్నా సినిమానా? క్వారీ వాళ్ళ మనిషివా?"

ఆ మాటకి పెద్దాయన మొహం నల్లబడిపోయింది.

"ఇవాళ... ఇవాళ కూడా క్వారీ వార్త ఉందా బాబూ?"

ఇంకేం కావాలి! గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నాడనుకున్నాడు ఎడిటర్. కెమెరామన్ పెద్దాయన చొక్కా పట్టుకున్నాడు.

"ఇవాళొక్కరోజు వదిలెయ్యండి బాబూ. రేపు మీరేం చేసినా పడతాను. ఇవాళ మాత్రం నేనిక్కడే ఉండాలి."

"విన్నావా? ఇవాళే ఏదో చెయ్యబోతున్నాడు!" అన్నాడు ఎడిటర్.

పోలీసులు వచ్చి తీసుకుపోయారు. జీపు ఎక్కిస్తున్నా ఆయన మెట్ల వైపే చూస్తున్నాడు. కిటికీలోంచి ఆ చూపు చూసి అమ్మాయి తెర లాగేసింది.

సాయంత్రం బులెటిన్‌లో ఆ వార్త కూడా ఆమే చదివింది.

"మా సిబ్బందిని వెంటాడుతున్న గుర్తు తెలియని వ్యక్తిని పోలీసులు అదుపులోకి తీసుకున్నారు."

గుర్తు తెలియని వ్యక్తట! తెలుసుకుందామని ఎవరు చూశారు గనక?

దాని వెనకే క్వారీ వార్త. ఈసారి క్వారీ ఓనరు పేరుతో సహా.

"పీడ విరగడైంది. ఇక హాయిగా వెళ్ళు తల్లీ," అంది మేకప్ అక్క.

అమ్మాయి మెట్లు దిగింది. సైకిల్ షాపు పక్కన ఎవరూ లేరు. కొంచెం దూరం నడిచి, కావాలనే ఆగి చూసింది. ఆగేవాళ్ళు లేరు. నవ్వొచ్చింది. ఇంటికి ఫోన్ చేసింది.

"అమ్మా, వచ్చేస్తున్నా. ఇవాళ నా వెనకాల ఎవరూ లేరు!"

సందు మలుపులో ఒక మోటార్ సైకిల్ ఆగి ఉంది. దాని మీద ఇద్దరు. లైటు లేదు, ఇంజను మాత్రం ఆడుతూనే ఉంది.

తెల్లారి ఆస్పత్రిలో డాక్టరు తల పంకించాడు.

"ప్రాణానికి భయం లేదు. దెబ్బ గొంతు మీద పడింది. మళ్ళీ మాట వస్తుందని మాత్రం చెప్పలేను."

అమ్మాయి తల్లి ఏడవడం ఆపి ఎడిటర్ వైపు తిరిగింది.

"ఆ ముసలాయన్ని పట్టించేశామన్నారు కదయ్యా. మరి నా బిడ్డనెవరు కొట్టారు?"

ఎడిటర్ కోపంతో ఊగిపోతూ తిన్నగా పోలీస్ స్టేషన్‌కి వెళ్ళాడు.

"ఎవర్రా వాళ్ళు? నీ వాళ్ళ పేర్లు చెప్పు!"

పెద్దాయన ఊచలు పట్టుకుని లేచి నిలబడ్డాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"అమ్మాయి ఇంటికి చేరిందా బాబూ?"

ఎడిటర్ చూపు పక్కకి తిప్పుకున్నాడు.

పెద్దాయనకి అర్థమైపోయింది. ఊచలు వదిలేసి నేల మీద కూలబడ్డాడు. చిన్నపిల్లాడిలా వెక్కివెక్కి ఏడ్చాడు.

"ఎవరండీ మీరు?" అన్నాడు ఎడిటర్. గొంతులో ఇప్పుడు కోపం లేదు. "నిన్ననే చెప్పొచ్చు కదా!"

"చెబితే ఆ పిల్ల భయపడి వార్తలు మానేసేది బాబూ," అన్నాడాయన కళ్ళు తుడుచుకుంటూ.

తల వంచుకుని, "మీ స్టేషన్‌లో మొట్టమొదట వార్తలు చదివింది మా ఆవిడే, ఇలాగే క్వారీ వార్త చదివి బయటికొచ్చిన సాయంత్రం, ఇంటికి తీసుకెళ్ళడానికి నేను కాస్త ఆలస్యంగా వచ్చాను," అన్నాడు.