రాహేలమ్మ జీవిత చరిత్ర

“ఇది అమ్మ గురించి రాసిందా, కలెక్టరు భార్య గురించి రాసిందా?” కృపారాణి తమ్ముడి చేతిలోంచి కాగితం లాక్కుంది.

“మెల్లగా అక్కా. బయట సంఘమంతా కూర్చోనుండారు. ఏఐతో రాయించినా. శానా బాగా వచ్చింది,” అన్నాడు క్రాంతి కుమార్.

“దానికి నువ్వేం చెప్పినావు?”

“పేరు, ఊరు, వయసు. ఇద్దరు పిల్లలని.”

“అంతేనా! మిగతా డెబ్బై ఏండ్లూ అదే అల్లేసిందా?”

ఆదరణ కూడికలో చనిపోయినవారి జీవిత చరిత్ర చదవడం కోసిగిలోని ఆ సంఘంలో ఆనవాయితీ. తర్వాత ఆ కాగితాన్ని చర్చి రిజిస్టరులో అంటిస్తారు. రాహేలమ్మ గురించి ఇంకెక్కడా ఒక్క అక్షరం మిగలదు.

కృపారాణి ఆ కాగితాన్ని చచ్చిన బొద్దింకలా రెండు వేళ్లతో పట్టుకుంది. “‘పుస్తక పఠనం ఆమెకు ప్రాణం.’ అమ్మ వేలిముద్ర వేసేదిరా! ‘పెరట్లో గులాబీలు పెంచేవారు.’ పెరడు యాడుండాదప్పా మనకు? ‘ప్రతి సాయంత్రం పిల్లలకు కథలు చెబుతూ గోరుముద్దలు తినిపించేవారు.’ మనల్ని హాస్టల్లో వదిలి, ఏడాదికి ఆరు నెలలు మిరపకాయలు కోయను సుగ్గికని వలస పోయిన మనిషి! సిగ్గు లేదా నీకు?”

“నీ మాదిరి రాయడం నాకు రాదు. వినేటోళ్లకు బాగుంటే సాలు.”

“వాళ్లు సినిమాకొచ్చినారా?”

పాస్టరు యేసుప్రసాద్ గుమ్మంలోంచి తొంగి చూశాడు. “ఏదో ఒకటి తేల్చండమ్మా. ఇంటికి పెద్దది, పెద్దమ్మనే అడగండి.”

పెద్దమ్మ రాహేలమ్మకు సొంత అక్క. ఏటా చెల్లెలితో పాటే సుగ్గికి పోయిన మనిషి. గోడకానుకుని కూర్చున్న ఆమెకు క్రాంతి తన కాగితం, ఏఐ రాసిందని చెప్పి, చదివి వినిపించాడు. ఆమె కదలకుండా వింది.

కృపారాణి తనది తీసి చదివింది. వారం రోజులు కొట్టేసి, తిరగరాసిన కాగితం. గుంటూరు మిరపచేలో, ప్లాస్టిక్ పట్టల గుడిసెలో మూడో బిడ్డ పుట్టడం. పదకొండో రోజు జ్వరంతో పోవడం. చేని గట్టున పూడ్చిపెట్టి, మరునాడే అమ్మ నడుముకు సంచి కట్టుకుని కోతకు దిగడం.

పెద్దమ్మ కొంగుతో కళ్లు అద్దుకుంది. క్రాంతి తల దించుకున్నాడు. ఇక చెప్పేదేముంది అన్నట్టు కృపారాణి అతని కాగితాన్ని నలపబోయింది.

“నువ్వు రాసిందాంట్లో ఒక్క అబద్ధం ల్యాదు తల్లీ,” అంది పెద్దమ్మ. “ఆ గుంత తవ్వింది నేనే.” చేయి చాచి కృపారాణి కాగితం తీసుకుని, మడిచి, రవికలో దోపుకుంది. “క్రాంతీ, నీదే సదువుపో.”

“పెద్దమ్మా! అందులో ఉండేది నీ చెల్లెలు కానే కాదు!”

“నాకు తెల్దా?” అని పెద్దమ్మ క్రాంతి వైపు తిరిగింది. “అప్పా, నాది గూడా దాంతోనే రాపియ్యి. సచ్చినాక కాదు, ఈ పొద్దే. బతికుండంగా ఒక్క తూరన్నా ఇనాల.”