మొహం కంట్రోలు

"నేను పాడేటప్పుడు ఆ మొహం ఇంకొక్కసారి కనబడిందా, నీ మైకులన్నీ మూటగట్టుకుని పోరా!" అన్నాడు జక్కయ్య.

ఆ మొహం కోటేశ్వర్‌ది. జక్కయ్యకి మేనల్లుడు, పైగా ఇల్లరికపు అల్లుడు. నరసరావుపేటలో మామ ఇంటి ముందు గదిలోనే అతని మైకుసెట్టు కొట్టు. వెనక గదిలోనే కాపురం. అంటే మొహం తేడా వస్తే కొంపా పోతుంది, కొట్టూ పోతుంది.

జక్కయ్య ఏళ్ల తరబడి మాచర్ల నాపరాళ్లు తోలిన లారీ ఓనరు. లారీ అమ్మేశాడు గానీ హారను మాత్రం గొంతులో ఉంచేసుకున్నాడు. ఫోన్లో కరోకే పెట్టుకుని, పొద్దున లేస్తే పాట, పొద్దుగూకితే పాట.

కోటేశ్వర్ చెవి మహా సున్నితం. మైకు మీద చీమ నడిచినా పట్టేస్తుంది. అలాంటి చెవికి మామ గళం గరళమే. ఆయన రాగం తీస్తే రోగం. లయ అందుకుంటే ప్రళయం. పల్లవికి కోటేశ్వర్ పళ్లు నూరేవాడు. చరణం దాకా వస్తే మామ చరణాలు పట్టుకుని ఆపమని ఏడవాలనిపించేది.

మొన్న చుట్టాలందరి మధ్యా మామ పై స్థాయి అందుకోగానే కోటేశ్వర్‌ మొహం కుళ్లిన గుడ్డు పగిలినట్టయిపోయింది. అందరూ చూశారు. జక్కయ్యా చూశాడు.

అందుకే ఈ వార్నింగు. దాని వెనకే ఆర్డరు.

"మేడ మీద రెండు గదులు ఖాళీగా ఉన్నయ్యి. ఒకటి నేను పాడటానికి. రెండోది నువ్వు కూర్చుని వినటానికి. దాన్నేమంటారో..."

"కంట్రోల్ రూమంటారు మామా."

"ఆఁ, అదే. మధ్యలో ఇంత లావు అద్దం బిగించు. పాడతా పాడతా నీ మొహం చూడాల నేను. బాగా కంట్రోల్ చేసుకో!"

కోటేశ్వర్ తనే పనిలోకి దిగాడు. గోడలు చప్పుడు మింగేయాలని కోళ్లఫారం నుంచి గుడ్ల అట్టలు తెచ్చాడు. వాటికి ఎండిన పచ్చసొన, ఈకలు, ఇంకా చెప్పకూడనివి. మూతబడ్డ హాస్టల్ నుంచి పాత పరుపులు తెచ్చాడు. వాటి మీద మరకలు. ఎవరివో, దేనివో అడక్కుండా ఉంటే అన్నం సయిస్తుంది. కోల్డ్ స్టోరేజీ నుంచి ఖాళీ మిరప గోతాలు తెచ్చాడు. దులిపితే వీధి వీధంతా తుమ్మింది.

అతని భార్య యమున ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుంది.

"థూ! ఏంది బావా ఈ కంపు? స్టూడియోనా, శవాల కొట్టమా?"

"కంపు కాదే, కంపోజింగు!" అన్నాడు, నల్లి ఎక్కిన మెడ గోక్కుంటూ. అతనికీ వాంతొస్తోంది. అయినా పాట కంటే పెంటే నయమనిపించింది.

పరుపులన్నీ కంట్రోల్ రూము గోడలకి కొట్టాడు. వాటి మీద గుడ్ల అట్టలు. అద్దం వెనక అద్దం, రెండు పొరలు. తలుపు చుట్టూ లారీ రబ్బరు. మామ గదికి మాత్రం మిరప గోతాలతో సరిపెట్టాడు.

జక్కయ్యకి మండింది. "పాడేది నేనయితే పరుపులన్నీ నీ గదికేందిరా?"

"చెవులుండేది ఇక్కడ మామా. బయటి చప్పుడు చిటుక్కుమని కూడా లోపలికి రాకూడదు."

"మరి నా పాటో?"

"దానికి వేరే దారుంది, వైరు దారి."

యమునని అద్దం అవతల నిలబెట్టి కంచం మీద గరిటెతో కొట్టించాడు. వినబడినప్పుడల్లా ఇంకో పరుపు కుక్కాడు. చివరికి గరిటె ఆడుతోంది, యమున నోరూ ఆడుతోంది, చప్పుడు మాత్రం లేదు. కోటేశ్వర్‌కి పెళ్లినాడు కూడా అంత సంతోషం కలగలేదు.

ప్రారంభోత్సవం నాడు రోహిణి ఎండ పెళపెళలాడుతోంది. జక్కయ్య సిల్కు లాల్చీలో దిగాడు.

"ఫ్యాను ఆపు, రికార్డింగులో గుయ్‌మంటది. బయట గడియ పెట్టు, పిల్లకాయలు జొరబడతారు."

కోటేశ్వర్ గడియ పెట్టాడు. తన గదిలోకెళ్లి హెడ్‌ఫోను తగిలించుకుని బొటనవేలెత్తాడు.

జక్కయ్య నోరు తెరిచాడు. కళ్లు మాత్రం అల్లుడి మొహం మీదే. ఆ మొహంలో చీదర లేదు, చిరాకు లేదు. వెన్నెల కాస్తోంది. జక్కయ్య పొంగిపోయాడు. పాట పూర్తి చేసి, చెమట తుడుచుకుని, మళ్లీ మైకు పట్టుకున్నాడు.

రెండోది మరీ రక్తి కట్టింది. మెడ నరాలు ఉబ్బాయి. కళ్ల వెంట ధారలు. ఓ చెయ్యి గుండె మీద, రెండోది అద్దం మీద దరువు. ఆఖర్న మోకాళ్ల మీద కూలబడి రెండు చేతులూ జోడించేశాడు. అంత భావం ఆయనలో ఎప్పుడూ లేదు. కోటేశ్వర్ అరమోడ్పు కళ్లతో తలూపాడు. చప్పట్లు కొట్టాడు. వేలు గాల్లో తిప్పి, మళ్లీ ఒక్కసారి అని సైగ చేశాడు.

మజ్జిగ పట్టుకొచ్చిన యమున మామూలుగా గడియ తీసింది. జక్కయ్య తలుపుతో పాటు బయటికొచ్చి పడ్డాడు.

కోటేశ్వర్ పరుగెత్తుకొచ్చాడు. "అదరగొట్టావు మామా! మొదటిది ఒక ఎత్తు, ఆ రెండో పాట ఒక ఎత్తు!"

జక్కయ్య దగ్గి, తుమ్మి, అల్లుడి చొక్కా పట్టుకుని లేచాడు.

"రెండోది పాట కాదురా సన్నాసీ, మిరప ఘాటుకి ఊపిరాడట్లా, గడియ తియ్యరా అని మొత్తుకున్నా, అసలా చెవులకి పెట్టుకున్నదాని వైరు దేనికన్నా గుచ్చావంట్రా?"