ఒక చెడ్డ కంపెనీ కావాలి

“ఒక్క చెడ్డ కంపెనీ కూడా దొరకలేదా?” అంటూ గైడు కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది.

దొరకలేదని పరిశోధక విద్యార్థిని తల అడ్డంగా ఊపింది. సామాజిక బాధ్యత ఉన్న వ్యాపారాన్నీ, లేని వ్యాపారాన్నీ పక్కపక్కన పెట్టి పోల్చడం ఆమె సిద్ధాంత వ్యాసం. బాధ్యత ఉన్నవాళ్ళకి కొదవే లేదు. బిస్కెట్ల కంపెనీవాళ్ళు మొక్కలు నాటిన ఫొటోలు పంపారు. సిమెంటు కంపెనీవాళ్ళు పిచ్చుకలకి గూళ్ళు కట్టించామన్నారు. బ్యాటరీల ఫ్యాక్టరీలో అధికారి, కిటికీలోంచి వస్తున్న పొగకి దగ్గుతూనే పర్యావరణం మీద తమకున్న ప్రేమ గురించి గంటసేపు చెప్పి, అట్ట మీద పచ్చటి ఆకు బొమ్మ ఉన్న లావుపాటి పుస్తకం చేతిలో పెట్టాడు. మాకు బాధ్యత లేదు, రాసుకోండి అన్నవాడు ఊరంతా గాలించినా ఒక్కడు కనపడలేదు.

పోల్చడానికి రెండోది లేకపోతే వ్యాసమే లేదు. గడువు ఇప్పటికే పొడిగించారు, ఇంకోసారి అడిగితే ఆఫీసులో గుమాస్తా మొహం మీదే నవ్వేలా ఉన్నాడు. ఇంట్లో అన్నయ్య వచ్చినవాళ్ళందరికీ ఆమెని ‘మా శాశ్వత విద్యార్థి’ అని పరిచయం చేస్తున్నాడు.

గైడు కాసేపు ఆలోచించి, ఒక జిగురు కంపెనీ చిరునామా చెప్పింది. యజమాని ముక్కుసూటి మనిషనీ, ఏదీ దాచుకోడనీ విన్నానంది. ఈ వారం వద్దు, పై వారం వెళ్ళమంది.

రైలు పట్టాల అవతల రేకుల షెడ్డు. యజమాని బట్టతల మనిషి, వేళ్ళకి ఎండిన జిగురు తెల్లగా పెచ్చు కట్టి ఉంది. ఆమె కుర్చీలో కూర్చోగానే ఆయన పైకప్పు వైపు చూస్తూ, ఊపిరి తీసుకోకుండా చెప్పేశాడు.

“మాకు సామాజిక బాధ్యత లాంటివేం లేవు. నాకు లాభం ముఖ్యం. సమాజం సంగతి సమాజమే చూసుకుంటుంది.” ఆ తర్వాత గొంతు తగ్గించి అడిగాడు. “సరిపోతుందామ్మా?”

ఆమెకి ఆ మనిషి కాళ్ళకి దండం పెట్టాలనిపించింది.

చిక్కు రెండో వారంలో మొదలైంది. షెడ్డు వెనక జిగురు గిన్నెలు కడిగిన నీళ్ళు వరసగా కట్టిన తొట్లలోకి పోతున్నాయి. ఒకదాన్లో గులకరాళ్ళు, ఒకదాన్లో ఇసక, ఒకదాన్లో బొగ్గు. చివరి తొట్టిలో నీళ్ళు అడుగు కనపడేంత తేటగా ఉన్నాయి, అందులో చేపలు తిరుగుతున్నాయి. ఇదంతా దేనికని అడిగితే ఆయన దొంగతనం చేస్తూ దొరికిపోయినవాడిలా నీళ్ళు నమిలాడు. కంపు కొడుతూ వెళితే వాళ్ళావిడ ఇంట్లోకి రానివ్వదట. మరి చేపలో అంటే, అవి వాటంతటవే వచ్చాయన్నాడు.

మరో రోజు ఆమె గుమ్మంలో కాలు పెట్టగానే ఆయన డబ్బాలకి మూతలు బిగిస్తున్న పెద్దాయన మీద అరిచాడు, కూర్చుని పని చేస్తున్నందుకు. పెద్దాయన చేతిలో మూత పక్కన పెట్టి లేచి, “ఒంట్లో బాలేదా బాబూ?” అంటూ యజమాని నుదుటి మీద చెయ్యి వేసి చూశాడు. ఆ కుర్చీ, పెద్దాయనకి నడుం నొప్పని యజమానే దగ్గరుండి చేయించిందని ఆమెకి తర్వాత తెలిసింది. పురుడుకి వెళ్ళిన ఆడవాళ్ళకి నెలనెలా జీతం ఎందుకు వెళుతోందని అడిగితే, ఆపడం మర్చిపోయానన్నాడు. ప్రతిసారీ మర్చిపోయాడట.

చేతికి దొరికిన ఒకే ఒక్క చెడ్డ కంపెనీ కళ్ళముందే మంచిదైపోతుంటే ఆమెకి తిండి సయించలేదు. చివరికి ఉండబట్టలేక అడిగేసింది.

“నిజం చెప్పండి సార్. మీరు చెడ్డవాళ్ళేనా?”

ఆయన తల దించుకున్నాడు. “నా ప్రయత్నం నేను చేస్తున్నానమ్మా.”

ఆమె మొహం చూసి జాలేసిందేమో, కావాలంటే ఒకరోజు నీళ్ళు తిన్నగా కాలవలోకి వదిలేస్తాను, ఫొటోలు తీసుకోమన్నాడు. ముందు చేపల్ని బకెట్లోకి మార్చాలి, అంతే. ఆమె వద్దని చెప్పి బయటపడింది.

బస్సులో ముందు ఏడుపు వచ్చింది. తర్వాత నవ్వు వచ్చింది. పుస్తకం అచ్చేసినవాడి దగ్గర పొగ, ఏమీ లేదన్నవాడి దగ్గర చేపలు. దిగే చోటు దాటిపోయేసరికి వ్యాసం మొత్తం తలకిందులైంది, ఈసారి నిటారుగా నిలబడింది.

మర్నాడు గైడుకి అంతా పూసగుచ్చినట్టు చెప్పింది. పోలిక ఉంటుంది, కానీ చెప్పుకునేవాళ్ళకీ చెప్పుకోనివాళ్ళకీ మధ్య. గైడు కుర్చీలో కదలకుండా వింది.

“నిజంగా చేపలున్నాయా?”

“పెంచుతున్నారు మేడమ్. పేర్లు కూడా పెట్టారు.”

“పేర్లు కూడానా?” అని గైడు కిటికీ వైపు తిరిగింది. ఆమెకి కోపం వచ్చిందో నవ్వు వచ్చిందో విద్యార్థినికి తెలియలేదు. అలాంటి మనిషిని తను ఎక్కడా చూడలేదనీ, వ్యాసం ఆయనకే అంకితం ఇస్తాననీ విద్యార్థిని అంటే, గైడుకి పొలమారింది. అంకితాలేం వద్దు, ముందు రాయమంది.

విద్యార్థిని గాల్లో తేలుతూ ఇంటికి వెళ్ళి, ఇక కొత్త పరిచయం వెతుక్కోమని అన్నయ్యకి చెప్పింది.

ఆ సాయంత్రం గైడు ఇంటికి వెళ్ళి, సంచీ పక్కన పడేసి, వంటింట్లో ఉల్లిపాయలు తరుగుతున్న భర్త ఎదురుగా కూర్చుంది.

“నాలుగు రోజులు చెడ్డవాడిగా ఉండమంటే అదీ చేతకాలేదా మీకు?”