హీటర్ వేస్తే వాసన

కారు ఆపమని బెగిమాయ్ అరిచేలోగానే వాంతి అయిపోయింది. ఆసుపత్రి నుంచి తిరుగుదారిలో కొచ్కోర్ ఊరు దాటి నాలుగు కిలోమీటర్లు కూడా రాలేదు, ఇది రెండోసారి.

"మళ్లీ అదే పెట్రోలు కంపు! నీ ముక్కుకేమైంది?" అంటూ మొగుడి మీద విరుచుకుపడింది.

"కొత్త రంగు వాసనే. నాలుగు రోజులుంటే అదే పోతుంది. అద్దం దించుకో" అన్నాడు సమాత్, ఆమె వైపు చూడకుండా.

రంగు వాసనకీ పెట్రోలు వాసనకీ తేడా తెలియనిదా ఆమె? ఇప్పుడు ఏడో నెల. ఇంతకుముందు రెండు కడుపులు నిలవలేదు. వారం వారం వచ్చి చూపించుకోమన్న డాక్టరమ్మే, ఆ కంపు కొట్టే కారు మాత్రం ఎక్కొద్దని గట్టిగా చెప్పింది. ఆసుపత్రేమో అరవై కిలోమీటర్లు. ఇంట్లో ఉన్నది ఈ ఒక్క కారు. ఎక్కడో ఒక నిప్పురవ్వ పడితే ముగ్గురం బూడిదైపోతామన్న భయంతో బెగిమాయ్‌కి కంటిమీద కునుకు లేదు.

వారం కిందట కనుమ దారిలో మంచు కమ్మినప్పుడు సమాత్ ఒక గొర్రెను గుద్దాడు. కారు ముందుభాగం చితికిపోయింది. మర్నాడే బిష్కెక్ పట్నం తీసుకెళ్లి బాగు చేయించుకొచ్చాడు. కంపు అప్పటి నుంచే.

"ఊళ్లో జుమాబెక్ బాబాయ్ లేడూ? ఒకసారి చూపిస్తే ఏం పోయింది?"

"ఆయన నోరు మంచిది కాదు."

"నోటితోనా కారు బాగుచేసేది?"

సమాత్ కారును ముందుకు దూకించాడు. ఈ మధ్య వాసన మాటెత్తితే చాలు, మొహం గంటు పెట్టుకుంటున్నాడు.

మర్నాడు అతను గుర్రాలను తోలుకురావడానికి కొండవైపు వెళ్లగానే బెగిమాయ్ తాళం చెవి తీసింది. ముక్కుకు తలగుడ్డ అడ్డం కట్టుకుని, అద్దాలన్నీ దించి, తనే నడుపుకుంటూ జుమాబెక్ షెడ్డుకు వెళ్లింది.

"ముందు రొట్టె ముక్క నోట్లో వేసుకో తల్లీ, కారెక్కడికీ పోదు" అన్నాడు ముసలి మెకానిక్. ఆమె చెప్పిందంతా విని పకపకా నవ్వాడు. "గొర్రెను గుద్దాడా? మరి మాంసమేదీ? నాకో తొడ అయినా పంపలేదే!"

"భయపడిపోయాడు బాబాయ్. దాన్ని అక్కడే వదిలేసి వచ్చేశాడు."

"అయ్యో, జేబులో చాకైనా లేదా? కొసప్రాణం ఉండగానే గొంతు కోసి ఉంటే నలుగురు తినేవాళ్లు. ఎట్లాంటి మొగుణ్ణి కట్టుకున్నావే అమ్మాయ్!"

బెగిమాయ్‌కి రోషం వచ్చింది. "ఆయన మనసు మెత్తన బాబాయ్. ఆ రోజు నుంచి మాంసం కూడా ముట్టుకోవడం లేదు" అంది.

జుమాబెక్ కారు కిందికి దూరాడు. ట్యాంకు చూశాడు. పైపు పొడుగునా తెల్లటి గుడ్డతో తుడిచాడు, తడి తగల్లేదు. ఇంజను వేడెక్కించి అతుకులన్నీ తడిమాడు. ఎక్కడా చుక్క కారడం లేదు. బెగిమాయ్ గుండె జారిపోయింది. కారడమే లేకపోతే కంపెక్కడిది? ఇక ఆసుపత్రికి ఎలా వెళ్లాలి?

"హీటర్ వెయ్యి" అన్నాడు జుమాబెక్.

వేసింది. గుప్పున కొట్టింది.

"దొరికింది దొంగ! వాసన ముందు నుంచి వస్తోంది. రంగు వేసే ముందు మేం రేకును పెట్రోలుతో కడుగుతాం. ఆ పట్నం వాడు బంపర్ ఊడదీయకుండానే పైపైన కానిచ్చేశాడు. లోపల గుడ్డేదో మరిచిపోయి ఉంటాడు. కడిగిందంతా అదే పీల్చుకుంది."

"అంతేనా బాబాయ్? ఒట్టి గుడ్డేనా?" బెగిమాయ్‌కి ప్రాణం లేచి వచ్చింది. కడుపు మీద చెయ్యి వేసుకుని ఏడుస్తూనే నవ్వేసింది.

సరిగ్గా అప్పుడే, ఇంటి ముందు కారు కనబడక, సమాత్ పరుగెత్తుకుంటూ వచ్చాడు. ఒళ్లంతా చెమట.

"ఆపండి! విప్పొద్దు!"

"నీ రంగేమీ చెడిపోదులే" అని కసిరింది బెగిమాయ్. "ఒక గుడ్డ పీలిక కోసం వారం రోజులు నన్నూ నా బిడ్డనూ చంపుకు తిన్నావు. కానియ్ బాబాయ్, లాగెయ్!"

జుమాబెక్ నాలుగు మరలు విప్పాడు. బంపర్ వెనక్కి మోచేతి దాకా చెయ్యి పోనిచ్చి, రేడియేటరుకూ జాలీకీ మధ్య ఇరుక్కున్నదాన్ని పట్టి గుంజాడు. నల్లగా మట్టి పట్టిన ముద్ద ఒకటి ఊడి వచ్చింది.

దాన్ని దులిపి మడత విప్పి చూస్తే అది గుడ్డ కాదు, ఊళ్లో పెద్దవాళ్లు తలకు పెట్టుకునే తెల్ల ఉన్ని టోపీ.