ఎంగిలి అర

వంటగదిలో అడుగు పెట్టగానే గార్గి చున్నీతో ముక్కు మూసుకుంది. వాసనేమీ లేదక్కడ. గోడ అరలో పేర్చినవి చూసి మూసుకుంది.

సగమైన నూనె సీసా. మూతికి రబ్బరు బ్యాండు చుట్టిన పంచదార పొట్లం. టీ పొడి, పసుపు, గడ్డ కట్టిన ఉప్పు. ఒక మూల ఎవరిదో తలనూనె డబ్బా కూడానూ.

"ముందు దిగినవాళ్లు వదిలేసి వెళ్లినవమ్మా. అందరూ వాడుకుంటారు. మీరు వెళ్లేటప్పుడు మిగిలింది కూడా అక్కడే పెట్టేయండి" అంది ఇంటావిడ శాలన్ కాకు, అంటే శాలన్ పిన్ని. ఆంజర్లేలో సముద్రానికి కూతవేటు దూరంలో ఆమె తన పెంకుటింట్లో రెండు గదులు అద్దెకిస్తుంది. వంటగది మాత్రం ఒక్కటే. ఎవరి వంట వాళ్లు చేసుకోవాలి.

"ఛీ, ఎన్ని చేతులు పడ్డాయో! అడుక్కునేవాళ్లకి పెట్టండి కాకూ, మాకెందుకు?" అంది గార్గి.

ఆమె పూణే నుంచి ఉప్పుతో సహా తెచ్చుకుంది. ముగ్గురాడపిల్లల్లో ఆఖరుది గార్గి. పెద్దక్కకి పొట్టయిన గౌను రెండో అక్కకి, ఆ తర్వాత తనకి. చెప్పులూ అంతే, పుస్తకాలూ అంతే. ఒంటి మీదికి మొదటిసారి సిసలైన కొత్తబట్ట వచ్చింది పెళ్లిరోజునే. అందుకే పెళ్లిచూపుల్లోనే కుండబద్దలు కొట్టినట్టు చెప్పింది, తన కాపురంలో ఇంకొకరి చెయ్యి పడ్డ వస్తువు ఒక్కటీ ఉండకూడదని.

మకరంద్ పటవర్ధన్ బంగారంలాంటివాడు. సరేనన్నాడు. నాగపూర్ నుంచి పూణేకి బదిలీ అయి వచ్చినప్పుడు పాత గిన్నె ఒక్కటీ వెంట తెచ్చుకోలేదట. చెంచాతో సహా అన్నీ కొత్తవే కొన్నాడు. ఆ సంగతి అక్కల చెవిన వేసేదాకా గార్గికి నిద్ర పట్టలేదు.

పక్క గదిలో దిగిన మంజిరి పొయ్యి దగ్గర ఉంది. నలభై దగ్గరపడ్డ మనిషి. అరలోని నూనె నిబ్బరంగా ఒంపుకుని అటుకులు తాలింపు వేస్తోంది. మెడలో మంగళసూత్రం లేదు. గార్గి చూపు ముందు అక్కడికే పోయింది.

"నీకూ కాస్త పెట్టనా అమ్మాయ్?"

"ఆ నూనెతో చేసిందా? వద్దక్కా. ఒకళ్లు వాడి వదిలేసింది నేను కాలితో కూడా ముట్టుకోను."

"గట్టిదానివే" అని మంజిరి నవ్వింది.

"మీవారు రాలేదా?"

"లేరు. వదిలేశాను."

చిరిగిన బస్సు టికెట్టు పారేసినంత తేలిగ్గా అంది ఆ మాట. గార్గి మూతి మూడు వంకర్లు తిరిగింది. మొగుణ్ణే వదిలేసిన మనిషికి ఎంగిలి నూనె ఒక లెక్కా! ఇలాంటివాళ్లకి శుచీ ఉండదు, సిగ్గూ ఉండదు అనుకుంది.

కారు చక్రానికి పంక్చరు వేయించుకు రావడానికి మకరంద్ ఊళ్లోకి వెళ్లాడు. వచ్చేసరికి వంట కావాలి. గార్గి సంచీ విప్పి కొత్త కుక్కరు తీసింది, కారం తగిలితే కడుపు మంటనే మొగుడి కోసం విడిగా దంపించిన మసాలా తీసింది. అగ్గిపెట్టె అందుకోబోతే కాకు దాన్ని లాగేసుకుంది.

"కొత్త పెళ్లికూతురు ఉఖాణా చెప్పకుండా నా పొయ్యి ముట్టడానికి వీల్లేదు. మొగుడి పేరు కలిపి పాట కట్టు, చూద్దాం!"

గార్గి సిగ్గుపడినట్టు తల వంచింది గానీ పాట నాలుక చివరే ఉంది.

"సంద్రానికి కెరటాలందం, సంపెంగకి గంధం,
ఏ తుమ్మెదా వాలని పూవులో తేనె, నా మకరంద్!"

"పటవర్ధన్‌గారి పెళ్లామా, మజాకా!" అని కాకు చప్పట్లు కొట్టింది.

మంజిరి కూడా కొట్టింది. "ఏ తుమ్మెదా వాలని పూవు! బాగుందమ్మాయ్" అంటూ పొయ్యి కట్టేసింది. "కాకూ, సాయంత్రం దాకా ఎందుకు, ఇప్పుడొచ్చే బస్సుకే వెళ్లిపోతాను."

సామాను సర్దుకుంది. సంచీలో పెట్టిన గాజు సీసాని మళ్లీ పైకి తీసి అరలో పెట్టింది.

"మేథాంబా. మామిడికాయ, బెల్లం, మెంతులు. ఎండుమిరపకాయల బదులు మిరియాలు వేస్తాను."

"మేథాంబాలో మిరియాలా? మా వంశంలో ఎవరూ వేసి ఎరగరు."

"ఎవరూ వెయ్యరు. నాకొక్కదానికే అలవాటు. పారెయ్యకు, తినేవాళ్లు ఉంటారు."

ఏం పొగరు! తన ఎంగిలి తనే మెచ్చుకుంటోంది. బస్సు కదిలిన చప్పుడు వినిపించేదాకా ఓపిక పట్టింది గార్గి. ఆ వెంటనే సీసాని రెండు వేళ్లతో, చచ్చిన ఎలకని పట్టుకున్నట్టు పట్టుకుని పెరట్లో చెత్తబుట్ట దగ్గరికి నడిచింది.

అప్పుడే గేటు తీసుకుని మకరంద్ వచ్చాడు.

"ఏమిటే అది? ఆకలికి కళ్లు తిరుగుతున్నాయి."

"అయ్యో, ముట్టుకోకండి! పక్క గదిలో ఎవరో వదిలేసి పోయిన పచ్చడి. మీకెందుకా దరిద్రం?"

అతను వింటేగా. సీసా లాక్కుని, మూత తీసి, వేలితో ఇంత తీసుకుని నాలిక్కి రాసుకున్నాడు. చప్పరిస్తూ కళ్లు మూసుకున్నాడు.

"మంజిరి ఎప్పుడొచ్చింది ఇక్కడికి?" అన్నాడు.