కోత పండుగ కేకు

"నోరు తెరువు బిడ్డా, నీ కాళ్లు మొక్కుత!" అని మగ్దలేనమ్మ తన కుక్క మోతి దవడలు పట్టుకుని బతిమాలుతోంది. పక్కన గిన్నెలో, ఇస్త్రీ పెట్టె బొగ్గులు నూరి కలిపిన నల్లటి నీళ్లు.

చర్చిలో కోత పండుగ వేలంపాటకని మనవరాలు హెప్సిబా చేసిన చాక్లెట్ కేకు పొద్దున లేచేసరికి సగం మాయం. చాక్లెట్ కుక్కలకు విషమట. బొగ్గు విషాన్ని పీల్చేస్తుందట.

మోతి తల విదిలించింది. మగ్దలేనమ్మ తెల్లచీర, ఆమె మొగుడు పౌలు తెల్లచొక్కా నల్లచుక్కలమయమయ్యాయి.

ఇంతలో హెప్సిబా స్పీకర్ పెట్టిన ఫోన్లో పశువుల డాక్టరు దొరికాడు. బొగ్గు సంగతి వినగానే అరిచాడు. "గా బొగ్గు పొయ్యకు అవ్వా! ఊపిరితిత్తుల్లకు పోతది. మందుల బొగ్గు వేరే ఉంటది, మేమే చూసి పట్టిస్తం. కుక్క బరువెంత? జల్ది తీస్కరా, కక్కించే సూది వెయ్యాలె."

సూది అనగానే పౌలు వచ్చి మోతికి అడ్డంగా కూర్చున్నాడు. "దానికి సూది ఎందుకే?"

"చస్తది గాబట్టి!"

"చావది. అది కేకు ముట్టనే లేదు."

"నీకెట్ల ఎరుకయ్యా?"

మోతి ప్రేమగా పౌలు మీసాలు నాకబోయింది. "వద్దు బిడ్డా, నీకు పడది" అని అతను రెండు చేతులా మూతి కప్పుకున్నాడు.

షుగరని మూడు నెలలుగా చప్పటి చాయ్ తాగుతున్న ఆ మనిషిని మగ్దలేనమ్మ తేరిపార చూసింది. గిన్నె చేతిలోకి తీసుకుని ఫోన్ వైపు వంగింది.

"సారూ, రోగి మారిండు. డెబ్బై కిలోలుంటడు. ఎంత పొయ్యాలె?"